నీ వైపు ఏసీ

లలితా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇవాళ మన పాత కారును ఇక్కడ సింగపూర్‌లోనే, చోవా చూ కాంగ్‌లో మలేషియా తెలుగు మెకానిక్ రాముకి చూపించాను. చక్రం దగ్గర శబ్దమేమిటో తనే నడిపి చూస్తానన్నాడు. కారు కొన్నాక నేను నీ సీట్లో కూర్చోవడం ఇదే మొదలు. రెండు సిగ్నళ్లు దాటేసరికి చొక్కా తడిసిపోయింది. అతని వైపు చల్లగాలి, నీ వైపు వేడిగాలి.

"ఉక్కగా ఉందండీ" అని నువ్వన్నప్పుడల్లా, నాకు చలేస్తుంటే నీకు ఉక్కేమిటని కసిరేవాణ్ణి. నువ్వు కిటికీ కాస్త దించితే, నా వైపు నుంచే మీట నొక్కి మూసేసేవాణ్ణి.

"ఈ వైపు ఏసీ పాడై చాలా కాలమైంది లా, అంకుల్. పక్కన కూచునేవాళ్లు ఎవరూ చెప్పలేదా?" అన్నాడు రాము తన మలేషియా యాసలో.

ఎవరూ చెప్పలేదన్నాను.