నూరుడు బండ

ఆదివారం, రేగొండ

ఈరోజు శాసనాలు చదివే సారును మా ఊరికి తీసుకుపోయాను. గుడి వెనక మేం గొడ్డళ్లు నూరే బండ మీద ఉన్నవి కాకతీయుల నాటి అక్షరాలట. ఆయన ముగ్గుపిండి అద్ది మెల్లగా చదివాడు. ఎవరో చెరువు తవ్వించి, గుడికి భూమి ఇచ్చారని ఉంది. ఊరి పాత పేరు ఉండాల్సిన చోట మాత్రం రాయి నున్నగా అరిగిపోయింది.

"ఇక్కడ ఎవరు నూరిండ్రవ్వా?" అని పక్కింటి ఎల్లవ్వను అడిగాడు.

"ఊరందరం నూరినం బిడ్డా. గా నున్నటి జాగలనే పదునెక్కుతది."

కట్టెలకు పోయే ముందు మా ఇంటి గొడ్డలి నూరే పని చిన్నప్పుడు నాదే. ఊరి పేరు కొంత నా చేతుల కిందే అరిగింది.

"మంచిగ నూరినవు కొడుకా" అనేవాడు బాపు.