పదింటి వ్యాన్

అక్కా,

బావ విమానం క్షేమంగా దింపాడని ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది. ఇంకెవరో చెప్పేలోపు నేనే చెప్పాలని రాస్తున్నాను. కోపమొచ్చినా సరే, చివరిదాకా చదువు.

మా కేంద్రంలో భూమి అయస్కాంత శక్తిని కొలిచే ముల్లు రోజూ పదింటికి ఊగుతుంది. సరుకుల వ్యాన్ గోడ పక్కనే ఆగుతుంది కదా, ఆ ఇనుముకి. ముల్లు గీత గీసే కాగితం మీద పెన్సిల్‌తో "వ్యాన్" అని రాసి వదిలేస్తాం. మంగళవారం కూడా అలవాటుగా అదే రాశాను. ఆ రోజు వ్యాన్ రానే లేదు.

ముల్లును ఊపింది సూర్యుడి తుఫాను. అది ధ్రువం మీద పైగాలిని అతలాకుతలం చేస్తే అటు వెళ్ళే విమానాల రేడియోలు మూగబోతాయి. నేను హెచ్చరిక పంపి ఉంటే, ఆ వైపే వెళ్తున్న బావ దారి మళ్ళించుకునేవాడు. నలభై నిమిషాలు ఆయన రేడియో నుంచి కబురే లేదు. "ఏం కాదక్కా, ఇలాంటివి మామూలే" అని నీకు ఫోన్లో చెప్పానే, అప్పుడా కాగితం నా చేతిలోనే ఉంది.

మా కేంద్రం పెద్దాయనకి చెప్పేశాను. "ఇకనుంచి కిటికీలోంచి చూసి రాయవయ్యా" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

ఇవాళ పదింటికి మళ్ళీ ముల్లు ఊగింది. వ్యాన్ వచ్చింది. అయినా అది వెళ్ళేలోపు నాలుగుసార్లు బయటికెళ్ళి చేత్తో తడిమి చూసొచ్చాను.

నీ తమ్ముడు