కిర్రుమంటే నూనె

కొత్తచెరువు,
జూన్ 16.

అనంతపురం కాగితపు సామాన్ల అంగడి వారికి జిలాన్ బాషా సలాములు.

అసలు ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. మీ నంబరుకు ఫోన్ చేస్తే ఒకటి నొక్కమంది, నొక్కితే రెండు నొక్కమంది. నలభై ఏళ్ళు మగ్గాలు బాగుచేశాను, ఏ మగ్గమూ నాకిన్ని పనులు చెప్పలేదు.

పోయిన వారం మీ దగ్గర కాగితాలు కత్తిరించే మిషన్ కొన్నాను. రెండు పలకల మధ్య కాగితం, అచ్చు పెట్టి పిడి తిప్పితే, రోలర్ల కింద నలిగి పువ్వు తెగుతుందన్నారు. మా ఆవిడ మదీనాబీ చూసి, "సేమ్యా మిషన్ మనకుండాది కదా, ఇంకోటెందుకు తెచ్చినావు?" అంది.

మా పీర్ల చావిడికి రంగు కాగితాల తోరణాలు ముప్పై ఏళ్ళుగా నేనే కత్తిరిస్తున్నాను. ఈ ఏడు చెయ్యి వణుకుతోంది. "ఈసారి ప్లాస్టిక్‌వి తెప్పిస్తాం లేప్పా, నువ్వు కూచో" అన్నాడు చావిడి పెద్ద నల్లప్ప. కూచోమన్నాడు గనకనే మిషన్ కొన్నాను.

తీరా పిడి తిప్పితే ఎముకలు విరిగినట్టు పటపటమని, కిర్రుమని అరుస్తోంది. పలక మీద మొదటి రోజే గాట్లు పడ్డాయి. పాత సరుకు అంటగట్టారా? పీర్ల పండగకు పది రోజులే ఉంది.

ఇట్లు,
జిలాన్ బాషా.

తా.క.: మదీనాబీ అందులో సేమ్యా పిండి పెట్టి చూసింది. రాలేదు. అది మీ తప్పనడం లేదు.

అనంతపురం,
జూన్ 18.

పెద్దాయన జిలాన్ బాషా గారికి నమస్కారం.

మా అంగడికి వచ్చిన మొదటి ఉత్తరం మీదే. ఓనరు కోర్టు నోటీసనుకుని నన్ను విప్పమన్నారు. మిషన్ కొత్తదే. అరవడం మామూలే, గాట్లు పడటమూ మామూలే. భయపడకుండా తిప్పండి.

ఇట్లు,
కృపాకుమారి, సేల్స్.

తా.క.: పిండి తుడిచేశారా?

కొత్తచెరువు,
జూన్ 20.

అమ్మా కృపాకుమారికి దీవెనలు.

అరవడం మామూలే అన్నావు. మా గురువు గంగాధరప్ప మగ్గం కిర్రుమంటే అన్నం ముందు నుంచి లేచేవాడు. ఒక పెళ్ళిలో సన్నాయి అపశ్రుతి పలికితే జేబులోంచి నూనె డబ్బా తీశాడు. ఆయన శిష్యుణ్ణి, ఊరుకుంటానా? అర లీటరు శెనక్కాయ నూనె రోలర్లకు, పలకలకు, అచ్చుకు పట్టించాను. ఇప్పుడు మిషన్ పిల్లిలా నడుస్తోంది. మూడు వందల పువ్వులు తెగాయి. కాకపోతే కాగితాలు కాస్త నూనె తాగాయి.

ఇట్లు,
జిలాన్ బాషా.

తా.క.: చీమలు వచ్చాయి. ఇదీ మామూలేనా?

అనంతపురం,
జూన్ 22.

తాతా,

నూనె పెట్టకూడదని మిషన్‌తో ఇచ్చిన పుస్తకంలో ఎర్ర అక్షరాల్లో ఉంది. గ్యారంటీ పోయింది. ఆ పువ్వులు పారేయండి. పలకలు సబ్బుతో కడిగి మళ్ళీ మొదలుపెట్టండి. కొత్త రంగు కాగితాలు నా తరఫున పంపుతున్నాను. పండగ లోపల మీ తోరణం ఎక్కాలి.

ఇట్లు,
కృపాకుమారి.

తా.క.: మీ ఉత్తరం ఓనరుకు చూపలేదు. చూపితే నాకూ గ్యారంటీ ఉండదు.

కొత్తచెరువు,
జూన్ 28.

మనవరాలు కృపాకుమారికి దీవెనలు.

నీ కాగితాల కంటే ముందు నల్లప్ప వచ్చాడు. ఒక పువ్వును రెండు వేళ్ళతో పట్టుకుని, "ఏమప్పా, ఇది తోరణమా, బజ్జీలు చుట్టిన కాగితమా?" అన్నాడు. ముప్పై ఏళ్ళ పని అక్కడితో సరి అనుకున్నాను. ప్లాస్టిక్‌వాటి కోసం రాప్తాడుకు మనిషిని పంపుతానంటూ, చేతి నూనె తుడుచుకునే గుడ్డ వెతుక్కోవడానికి ఆ పువ్వును మా ఇంట్లో వెలుగుతున్న చిన్న బల్బు తీగకు తగిలించాడు.

ఎర్ర కాగితం దానిమ్మ గింజలా వెలిగింది. నూనె తాగిన కాగితం వెలుగును ఆపదు కదా. నల్లప్ప గుడ్డ సంగతి మరిచిపోయాడు.

"అన్నా, ఇట్లాంటివి ఇంకెన్ని ఉండాయి?"

మూడు వందలూ కట్టాం, వెనక వేడెక్కని బల్బులు పెట్టి. చావిడి ముందరి అగ్నిగుండానికి దూరంగానే కట్టాంలే, ఆ మాత్రం తెలివి ఉంది. తనకల్లు నుంచి వచ్చినవాళ్ళు ఈ గాజు పువ్వులు యాడ దొరుకుతాయని అడిగారు. వచ్చే వారం రెండూళ్ళ చావిడి పెద్దలు మిషన్ల కోసం మీ అంగడికి వస్తున్నారు. నూనె వాళ్ళే పోసుకుంటారు. ఆ ఎర్ర అక్షరాల పేజీ మాత్రం చింపి అమ్ము.

ఇట్లు,
మీ తాత జిలాన్ బాషా.

తా.క.: మిగిలిన నూనెతో మదీనాబీ మిరపకాయ బజ్జీలు వేసింది. నల్లప్ప నాలుగు తిన్నాడు.