లిఫ్టు రిపేరు షాపు ఎవరికి

లిఫ్టులు బాగుచేసి బతికిన నేను, బుర్ర సరిగ్గా పనిచేస్తుండగానే, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టప్రకారం రాయిస్తున్న వీలునామా ఇది. మోకాళ్లు పనిచేయడం లేదు గానీ వీలునామాకు మోకాళ్లతో పని లేదని మా బావమరిది చెప్పాడు. కోర్టులో గుమస్తా కాబట్టి నమ్ముతున్నాను. దీన్ని అమలుపరిచే బాధ్యత కూడా అతనిదే. ఇందులో 'సదరు' అన్న మాట వచ్చిన చోటల్లా అతని చలవే.

1. నా స్వార్జితమైన ఇల్లు నా భార్యకు, సర్వహక్కులతో. సదరు ఇంట్లో ఎవరు ఏ గదిలో ఉండాలో ఆమె చెప్పినట్టే జరగాలి. ఇప్పటిదాకా జరిగిందీ అదే.

2. మా అన్నయ్యకు గ్రీజు డబ్బా ఒకటి. ఇంజనీరింగ్ చదివిన మా అమ్మాయి షాపులో కనిపించినప్పుడల్లా "అంత చదివించి ఈ మసిలో కూర్చోబెట్టావేంట్రా" అని నలుగురిలో నా పరువు తీశాడు. ఆమె ఉద్యోగం కోసం ఒక్క చోటన్నా మాటసాయం చేసిన పాపాన పోలేదు.

3. ఇక షాపు. అసలు గొడవంతా దీని గురించే. లైసెన్సు నా పేరున ఉంది, నాతోనే పోతుంది. కొత్తది కావాలంటే డిగ్రీ అయినా ఉండాలి, సర్కారు పరీక్ష అయినా పాసవ్వాలి. డిగ్రీ అమ్మాయికి ఉంది. పని మాత్రం పదో క్లాసులో బడి మానేసిన మా అబ్బాయికి వచ్చు. ఇద్దరూ ఒకే కంపెనీకి ఉద్యోగానికి వెళ్లారు. అమ్మాయిని "అనుభవం ఏదమ్మా?" అన్నారు. అబ్బాయిని "సర్టిఫికెట్ ఏది బాబూ?" అన్నారు. ఇద్దరూ ఇంటికొచ్చి, ఆ కంపెనీని తిట్టాల్సింది పోయి, ఒకరి మీద ఒకరు పడ్డారు. అప్పటినుంచి అన్నం దగ్గర కూడా అదే పంచాయితీ. విని విని విసిగిపోయాను.

4. అబ్బాయి ఆ పరీక్ష రాశాడు. మనుషులతో సహా లిఫ్టు మధ్యలో ఆగితే ముందు ఏం చేయాలని ప్రశ్న. "లోపలివాళ్లతో మాట్లాడాలి" అని రాసి ఫెయిలయ్యాడు. ముందు కరెంటు ఆపాలన్నది పుస్తకం. అమ్మాయీ అదే మాట అని నవ్వింది. కానీ కరెంటు ఆపకుండా చెయ్యిపెట్టి వాడు వేలి కొస పోగొట్టుకున్న రోజు ఆస్పత్రిలో నాకంటే ఎక్కువ ఏడ్చింది ఆమే. నాకు తెలిసి ఇద్దరి జవాబూ సరైనదే. ఆ మాట అంటే ఇద్దరికీ కోపం.

5. కాబట్టి సదరు షాపు, పనిముట్లతో సహా, ఇద్దరికీ సమానం. లైసెన్సు అమ్మాయి తీసుకోవాలి, పని అబ్బాయి చూడాలి అని షరతులు రాయించబోయి కొట్టేయించాను. షరతులకు లొంగే వయసు మీకు దాటిపోయింది, పోట్లాడే ఓపిక నాకు లేదు. అమ్ముకుంటామంటే అమ్ముకోండి. నాకు బాధే, ఆ సంగతి మాత్రం తెలిసి అమ్మండి.

6. అబ్బాయికి నా రబ్బరు గ్లవ్సులు. ఈసారి తొడుక్కో నాన్నా. అమ్మాయికి నా టార్చిలైటు. లిఫ్టు కింది గుంటలోకి దిగాలంటే భయమని నాకొక్కడికే చెప్పావు. నాకూ భయమే తల్లీ, ఎవరికీ చెప్పలేదు.

7. ఆఖరుది. నేను పోయిన రోజున కూడా ఎక్కడో ఒక లిఫ్టు ఆగుతుంది, షాపుకి ఫోన్ వస్తుంది. చావింట్లో ఉన్నాం, రాలేమని చెప్పకండి. ఇద్దరూ కలిసి వెళ్లండి. లోపల ఎవరో బిక్కుబిక్కుమంటూ ఉంటారు. నాకేం తొందర లేదు.

పైదంతా చదివించుకుని, విని, ఒప్పుకుని చేవ్రాలు చేశాను. మార్చి పదకొండు, మంగళవారం.

సంతకం: లిఫ్టు మేస్త్రి

సాక్షులు:
పక్క షాపు టైలరు
ఎదురింటి లెక్కల మాస్టారు (రిటైర్డ్)