నల్లబిళ్ళ

యలహంక, సోమవారం

ప్రియమైన గిరీ,

ఫోన్లో నువ్వు చెప్పేది ఒక్క ముక్కా వినపడదు, అందుకే రాస్తాండా. చెవి మిషన్‌కు నీ జీతం దుడ్డు నాకొద్దప్పా. సర్కారు స్మారకంగా వేసిన వెండి నూర్రూపాయల బిళ్ళలు నాయన మనకు చెరొకటి ఇచ్చిపోయినాడు కదా, నాది పక్కింటి కావ్య చేతికిచ్చి పంపుతాండా. చిక్కపేట అంగళ్ళలో చూపించి వెనక్కి పంపు. అమ్మేదైతే పూజ చేసి నా చేత్తోనే ఇస్తా.

నీ పాపక్క

ఎలక్ట్రానిక్ సిటీ, బుధవారం

ప్రియమైన అక్కా,

నాణేలు కొనే మునినారాయణప్ప భూతద్దం పెట్టి చూసినాడు. మంచి గ్రేడంట, మిషన్‌కు సరిపోయే ధర వస్తుందన్నాడు. ఆదివారం ఆయనే మీ ఇంటికొస్తాడు. బిళ్ళను కావ్యతో పంపుతాండా. డబ్బీలోనే ఉండనీ, తాకొద్దు. ఎందుకని అడగొద్దు.

నీ తమ్ముడు గిరిధర్

యలహంక, ఆదివారం సాయంత్రం

ప్రియమైన గిరీ,

నాకేమీ అర్థం కాలే. తళతళలాడే బిళ్ళ పంపితే మసిపట్టినట్టు నల్లగా వచ్చింది. చిక్కపేటలో ఏ నీళ్ళలో వేసినారో అనుకున్నా. శుక్రవారం పూజలో లక్ష్మమ్మ ముందర నల్లబిళ్ళ ఎట్లా పెడతామప్పా? ఏటా వరలక్ష్మి వ్రతానికి చేసేటట్టే చింతపండూ బూడిదా వేసి అరగంట రుద్దినా. మొగం కనపడేంత మెరిసింది. తాకొద్దంటివి గాని, ఆ మురికితో అమ్మితే నాయనకే సిగ్గు.

ఈ పొద్దు మునినారాయణప్ప వచ్చి, చూసి, తల పట్టుకున్నాడు. ఏందో చెప్పినాడు, నాకు వినపడలే. కావ్య కాగితం మీద రాసి చూపించింది, కడిగేసినారు, ఇంక వెండి ధరే అని. శుభ్రం చేస్తే ధర పోతుందా? మురికికా దుడ్డు ఇచ్చేది? నేను ముందు పంపిందీ కడిగిన బిళ్ళే కదా, అదెట్లా బాగుండింది? తలకాయ తిరుగుతాండాది, చెప్పప్పా.

నీ పాపక్క

ఎలక్ట్రానిక్ సిటీ, మంగళవారం

ప్రియమైన అక్కా,

నేను అబద్ధం చెప్పినా. నీ బిళ్ళను మునినారాయణప్ప చూసిన వెంటనే పక్కన పెట్టేసినాడు. రుద్దితే పైన సన్నగీతలు పడతాయంట, గ్రేడు రాదంట. నా డబ్బీ నేను ఇన్నేళ్ళూ తెరవలే. ఆ నలుపు దానంతటదే పట్టింది, దానికే ధరంట. అందుకే నీకు నా బిళ్ళ పంపినా. చెప్తే తీసుకోవని చెప్పలే. పుట్టినప్పటినుంచి నిన్ను చూస్తాండా, అయినా కడుగుతావని తోచలే నాకు.

నిన్న కోపమొచ్చింది, రాత్రికి నవ్వొచ్చింది. నా బిళ్ళ పాడు చేసినందుకు జరిమానా, నా దుడ్డు నువ్వు తీసుకోవాల్సిందే. శనివారం వస్తా, చెవి పరీక్షకు పోదాం. మిషన్ పెట్టుకున్నాక ఇదంతా మళ్ళీ చెప్తా. నీతో అరవకుండా మాట్లాడి ఎన్నేళ్ళయిందో అక్కా.

నీ గిరి