శ్రీకాంత్‌కు ఫోన్ చేయను

2008 మే 11, ఆదివారం. కళ్యాణదుర్గం.

ఉదయం 7.00. కొత్త డైరీ కాదు. పోయిన ఏడాదిదే, జనవరి తర్వాత అంతా ఖాళీ.

పెట్టె వచ్చింది! పాత సర్వర్ స్థానంలో పెట్టే చిన్న కంప్యూటర్, టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. ఫ్యాను లేదు, చప్పుడు లేదు. స్కూటర్ బ్యాటరీ మీద కూడా నడుస్తుంది. కరెంటు రోజుకు ఆరుగంటలు పోయే ఊళ్లో నెట్ సెంటర్ నడిపేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఒక రంధ్రంలో మోడెమ్ తీగ, రెండో రంధ్రంలో మిగతా కంప్యూటర్లకు పోయే తీగ. అంతే. ఆరు కంప్యూటర్లకూ ఇదే నెట్ పంచుతుంది.

లోపల ఫోటో కెమెరాలో వేసే కార్డు ఒకటి. దాని మీద లైనక్స్ ఎక్కించాలి. విండోస్ లాంటిదే, కానీ ఉచితం. బెంగుళూరులో ఉన్న మా బామ్మర్ది శ్రీకాంత్ తన పెట్టెలో నడుస్తున్న లైనక్స్‌నే కాపీ తీసి, మొన్న ఊరికొచ్చినప్పుడు సీడీ ఇచ్చాడు. ఇస్తూ ఏమన్నాడు? "నేను లేకుంటే నీ సెంటర్ ఎట్ల నడుచ్చాదో బావా!" అందరి ముందు. పప్పన్నం తింటూ.

అందుకే తీర్మానం:
1. టెన్త్ రిజల్ట్స్ వచ్చేదాకా శ్రీకాంత్‌కు ఫోన్ చేయను.
2. మిస్డ్ కాల్ కూడా ఇవ్వను.
3. అంతా నేనే చేస్తాను.

ఇంద్రాణికి చదివి వినిపించాను. నా భార్య మంచిది, కానీ శ్రద్ధగా వింటుంది. అదే ఇబ్బంది. "21న రిజల్ట్స్. ఆ పొద్దుటికి నీ పెట్టె ఆడకుంటే సెంటర్‌కు బీగమేసి మా నాయన ఎరువులంగట్లో కూచోవాల. సరేనా?" అంది.

"సరే!" అన్నాను. మామగారి ఎరువుల అంగట్లో అరగంట కూర్చుంటే నాకు మూడు రోజులు తలనొప్పి. అయినా అన్నాను. అంత ధైర్యం!

సాయంత్రం 5.00. ధైర్యం ఇంకా ఉండగానే పాత సర్వర్‌ను పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చేశాను.

మే 12

10.30. కార్డు మీద లైనక్స్ రాయడం పూర్తి. పెట్టె లేచింది! తెర మీద తెల్లటి అక్షరాలు గలగలా పారాయి.

10.32. "ఈత్0 లేదు" అంటోంది. ఈ రంధ్రాలకు లైనక్స్ ఈత్0, ఈత్1 అని పేర్లు పెట్టుకుంటుంది. లేదంటే ఎలా? ఎదురుగానే ఉంది. వేలు పెట్టి చూపించాను.

3.00. కార్డు మళ్లీ రాశాను. ఈత్0 లేదు.

5.00. మళ్లీ రాశాను. లేదు. కంగారు లేదు. తొమ్మిది రోజులున్నాయి.

మే 14

పెట్టెలోనే లోపం. నిస్సందేహంగా. బస్సెక్కి అనంతపురం పోయి అంగడాయనతో కొట్లాడి వేరే పెట్టె తెచ్చాను. కార్డు మాత్రం పాతదే పెట్టాను.

4.15. ఈత్0 లేదు!

4.40. ఉన్న పేర్లన్నీ చూపించే కమాండ్ ఒకటి దొరికింది. కొట్టాను. ఈత్4, ఈత్5 అని చూపించింది. నాకున్నవి రెండే రంధ్రాలు! నాలుగు, అయిదు ఎక్కడివి? సున్నా నుంచి మూడు దాకా ఎవరు తీసుకుపోయారు?

అమ్మ కూడా ఇవాళ చిరాకుగానే వచ్చింది. రేషన్ కార్డులో ఇంద్రాణి పేరు ఎక్కించాలని మండలాఫీసు చుట్టూ తిరుగుతోంది. గుమాస్తా రామదాసు ఇవాళ కూడా తిప్పి పంపాడట. ఏదో చెప్పబోయింది. "తర్వాత విందాంలేమ్మా" అన్నాను.

మే 16

సెట్టింగుల్లో ఈత్0 ఉన్నచోట ఈత్4 అని మార్చాను. తెలివంటే ఇదీ.

11.00. శ్రీకాంత్ ఆ పేరు పదకొండు చోట్ల రాశాడు. మనిషికి ఒకచోట రాస్తే సరిపోదా?

1.00. పదకొండూ మార్చాను. ఇప్పుడు పెట్టె అసలు లేవడం లేదు.

2.00. కార్డు మొదటినుంచీ రాశాను. ఈసారి ఈత్2, ఈత్3. నవ్వాలో ఏడవాలో తెలియక ఉగ్గాని, బజ్జీ తిన్నాను. రెండు ప్లేట్లు.

మే 18

ఎదురు సెంటర్ ఎర్రన్న రిజల్ట్స్ కోసం షామియానా వేయిస్తున్నాడు. "ఏమప్పా, మీ డబ్బా పలికిందా?" అని రోడ్డు అవతలి నుంచే అరిచాడు.

12.00. మిస్డ్ కాల్ అంటే ఫోన్ చేయడం కాదు. ఎత్తనిది ఫోన్ ఎలా అవుతుంది? ఒకటి ఇచ్చాను.

12.10. ఇంకొకటి.

4.00. ఇంద్రాణి తన తమ్ముడికి ఫోన్ చేస్తే అది అక్కాతమ్ముళ్ల వ్యవహారం. నేను పక్కన ఊరికే నిలబడతాను. అడిగాను.

"నీ తీర్మానం, నీ ఫోను. నాయనకు చెప్పినాలే, నీకు కుర్చీ తుడిపిచ్చి పెట్టమని" అంది.

మే 19

9.00. తీర్మానం రద్దు. ఇందులో సిగ్గేం లేదు. శ్రీకాంత్‌కు ఫోన్ చేశాను.

స్విచ్చాఫ్.

9.05 నుంచి 1.00 వరకు: స్విచ్చాఫ్.

1.30. ఇంద్రాణి ఇప్పుడు చెబుతోంది. వాడు తిరుపతి పోయాడట. గుండుకు. కొండ మీద క్యూలో ఉంటాడట, రేపటిదాకా దిగడట. తీర్మానం విడిచిపెట్టినా ఫలితం దక్కని మనిషిని నేనే అయ్యుంటాను.

మే 20

రేపే రిజల్ట్స్. మోడెమ్ తీగ నేరుగా పెడితే ఒక్క కంప్యూటర్‌కే నెట్. బయట మూడు బడుల పిల్లలు నిలబడతారు. గోడకానుకొని కింద కూర్చున్నాను. ఎరువుల వాసన అప్పుడే ముక్కులోకి వస్తోంది.

మధ్యాహ్నం 12.00. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. వినే ఓపిక లేదు, లేచే ఓపికా లేదు. అందుకని విన్నాను.

"మీ నాయన పోయి నాలుగేండ్లాయ. కార్డులో ఒకటో నంబరు ఇంకా ఆయప్పదే ఉండాది. మనిషి లేకున్నా ఆ నంబరు ఇంగెవురికీ ఇయ్యరంట. పోయినోళ్ల పేరు కొట్టేస్తేనే ఉన్నోళ్లు పైకొచ్చేదంట. నాకు మనసొప్పక ఇన్నాళ్లు కొట్టేయనియ్యలే."

"ఇప్పుడు?"

"కొట్టేయమని చెప్పొచ్చినా. చీటీలో లేకుంటే మాత్రం ఆ మనిషి యాడికి పోతాడు?"

నాయన గుర్తొచ్చాడు. అమ్మ చెయ్యి పట్టుకున్నాను. పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉండగా నా కళ్లు పెట్టె వైపు తిరిగాయి.

ఒకటో నంబరు. మనిషి లేకున్నా. ఇంకెవరికీ ఇవ్వరు.

12.20. పెట్టెలోని కార్డంతా వెతికాను. ఉంది! ఒక చిన్న జాబితా. ప్రతి రంధ్రానికీ తయారీలోనే ఒక పొడవాటి నంబరు వేస్తారు, టెన్త్ సర్టిఫికెట్‌లో రాసే పుట్టుమచ్చల్లాగా. లైనక్స్ ఆ గుర్తు చూసి పేరు రాసుకుంటుంది. ఈత్0, ఈత్1 పేర్ల ఎదురుగా ఉన్న గుర్తులు నా పెట్టెవి కావు. బెంగుళూరులో ఉన్న శ్రీకాంత్ పెట్టెవి! వాడి సీడీతో పాటే వచ్చి కూర్చున్నాయి. నా రంధ్రాలు పాపం వాటి వెనక నిలబడ్డాయి.

12.31. జాబితా మొత్తం కొట్టేశాను. పెట్టె ఆపి మళ్లీ వేశాను.

12.33. ఈత్0! ఈత్1! ఆరు కంప్యూటర్లకూ నెట్! అమ్మను ఎత్తి తిప్పాను. "ఎండ దెబ్బ తగిల్నాదేమో సూడు పాపా" అని ఇంద్రాణిని పిలిచింది.

మే 21

11.00కు రిజల్ట్స్. 11.20కి కరెంటు పోయింది. మోడెమ్, రెండు కంప్యూటర్లు యూపీఎస్ మీద, పెట్టె స్కూటర్ బ్యాటరీ మీద. ఎర్రన్న షామియానాలో కూర్చున్నవాళ్లంతా లేచి ఇటొచ్చారు. ఆఖరికి ఎర్రన్న కూడా, వాళ్ల పాప నంబరు పట్టుకుని. పాసయింది. నాకే ఏడుపొచ్చింది.

3.00. శ్రీకాంత్ ఫోన్. వాడే చేశాడు, రాసి పెట్టుకుంటున్నాను.

"ఏం బావా, ఫోన్ ఆన్ చేస్తానే నలభైమూడు మిస్డ్ కాల్సని మెసేజొచ్చె?"

"ఏం లేదప్పా. గుండు బాగా కుదిరిందా లేదా అని."

"ఆ కార్డులో మా పెట్టె పేర్లు తీసేయడం మర్చిపోయినా బావా. అవి తీసేయకుంటే ఆడదు."

"అవా? మా అమ్మ నిన్ననే తీసేసింది" అన్నాను. "ఎవురు?" అని వాడు మూడుసార్లు అడిగాడు. ఇంద్రాణి మాత్రం వాళ్ల నాయనకు ఫోన్ చేసి కుర్చీ లోపల పెట్టేయమంది.

మే 22

9.00. ప్రింటర్ పనిచేయడం లేదు. నిన్నటిదాకా ముత్యంలా ఆడింది. మార్కుల కాగితాల కోసం బయట నలభైమంది.

తీర్మానం, మళ్లీ మొదటినుంచి:
1. శ్రీకాంత్‌కు ఫోన్ చేయను.
2. మిస్డ్ కాల్ కూడా ఇవ్వను.
3. అంతా నేనే చేస్తాను.

9.10. అమ్మ కొత్త కార్డు తెచ్చుకోవడానికి మండలాఫీసుకు పోయింది. ఎన్నింటికొస్తుందో ఇంద్రాణిని అడిగాను. ఊరికే.