వేళ్లు మడిచి తట్టి చూడకు, అన్నా

మామీర్ క్యాంపు,
బహ్రెయిన్

అన్నకు తమ్ముడు మల్లేశం దండం పెట్టి రాస్తున్నది. నాకు ఒంట్లో బాగానే ఉంది, రంది పెట్టుకోవద్దని అమ్మకు చెప్పు. ఆమె మోకాళ్ల నొప్పి తగ్గిందా? వదిన, పిల్లలు ఎట్లా ఉన్నారు? చిన్నదానికి బడి అలవాటైందా, ఇంకా వదిన కొంగు పట్టుకునే తిరుగుతోందా?

నీ ఉత్తరం అందింది. లైన్‌మన్ రాకపోతే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు నువ్వే వేస్తున్నావనీ, ఊరంతా నిన్నే పిలుస్తోందనీ రాశావు. ఇదివరకైతే పొంగిపోయేవాణ్ని. ఈసారి చదివిన దగ్గర్నుంచి అన్నం సహించడం లేదు. ఎస్టీడీ ఫోన్‌లో అరిచి చెప్పే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. విసుక్కోకుండా చదువు.

ఇక్కడ కరెంటు భూమిలోంచే పోతుంది, లావుపాటి కేబుళ్లలో. సముద్రం పక్కనే కదా, నేలంతా ఉప్పు చెమ్మ. తవ్వేటప్పుడు గడ్డపార మొన తగిలి కేబుల్ తోలు కొంచెం చీలితే చాలు, చెమ్మ దిగుతుంది. పైకి ఏమీ తెలియదు. లోలోపల కాలి కాలి ఒకరోజు మంట లేస్తుంది. అట్లా పాడైన కేబుళ్లను కోసి అతికే మనిషి మహబూబ్ భాయ్. మన జగిత్యాల వైపు ఆయనే. నేను ఆయన హెల్పర్‌ని.

మొన్న మనామాలో బట్టల దుకాణాల సందులో నేలలోంచి పొగ వచ్చింది. ఒక దుకాణదారు బకెట్‌తో నీళ్లు తెచ్చాడు. "పానీ నహీ, రేత్ డాలో!" అని అరుస్తూ భాయ్ ఆ బకెట్ లాక్కుని, ఇసుక పోయించి మంట ఆర్పించాడు. కరెంటు ఆఫీసువాళ్లు లైన్ ఆఫ్ చేశారని ఫోర్‌మన్ చెప్పాక గుంత తవ్వాం. ఎండ సంగతి అడగకు, చొక్కా పిండితే నీళ్లు కారాయి. కింద రెండు కేబుళ్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని తోలు కాలిపోయి రాగి కనిపిస్తోంది.

"ఖలాస్, లైన్ బంద్. యల్లా!" అని ఫోర్‌మన్ తొందరపెట్టాడు.

మోటరు డబ్బా ముట్టే ముందు నువ్వు నాకు నేర్పినట్టే, వేళ్లు మడిచి చేతి వెనకవైపుతో ఆ రాగిని తట్టబోయాను. భాయ్ నా కాలర్ పట్టి వెనక్కి గుంజాడు.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"లైన్ బందైంది గద భాయ్. ఉన్నదా లేదా అని జర తట్టి చూస్తున్న."

"బందైందని వాళ్లు చెప్పిన్రు. కేబుల్ చెప్పిందా?"

అందరినీ గుంతలోంచి బయటికి పంపాడు. ఆయన పద్ధతి ఒకటుంది. పేరు పేరునా పిలుస్తాడు, పిలిచినవాడు బయటే ఉన్నానని "బాహర్" అనాలి. ఫోర్‌మన్‌ని కూడా వదలడు. తర్వాత రబ్బరు చేతొడుగులు వేసుకుని, టెస్ట్ లైటు తీగలు రాగికి ఆనించాడు.

లైటు వెలిగింది.

ఆఫీసువాళ్లు ఆపింది పక్క కేబుల్‌ని. నేను తట్టబోయింది కరెంటున్న రాగినే. భాయ్ అసలుది ఆపించి మళ్లీ లైటు పెట్టాడు. ఈసారి వెలగలేదు. అయినా ముట్టలేదన్నా! ఆ లైటును కరెంటున్న ఎదురు దుకాణానికి తీసుకెళ్లి, అది బాగానే వెలుగుతోందని చూసుకుని వచ్చాకే పనిలోకి దిగాడు. ఇక అతకడం చూడాలి! మండే ఎండలో, దర్జీ మంచి బట్ట కుట్టినంత నెమ్మదిగా చేశాడు. సాయంత్రానికి దుకాణాల్లో ఫ్యాన్లు తిరిగాయి. అట్లాంటి పనిమంతుణ్ని నేనెక్కడా చూడలేదు.

చాయ్ తాగేటప్పుడు ఆయనకు నీ గురించి చెప్పాను. "మా అన్నకు మస్తు ధైర్యం భాయ్. లైన్‌మన్ రాకున్నా ఫ్యూజు తనే ఏస్తడు."

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. "మీ అన్నకు నా సలాం రాయి. గీ పనిల భయపడి సచ్చినోడు నాకు ఒక్కడు కానరాలే తమ్మీ. నేను మోసినోళ్లందరు ధైర్యమున్నోళ్లే."

ఓవర్‌టైం దొరుకుతోంది, తిండికి లోటు లేదు. ఇక్కడి చేపల కూరలో మన పులుపు లేదు, అంతే. మా క్యాంపు నుంచి సెలవు మీద ఊరికి వచ్చిన పోశెట్టి ఇక్కడికి తిరిగి వచ్చేటప్పుడు ఒక సీసా మామిడి తొక్కు పంపు. పెద్దలందరికీ నా దండాలు చెప్పు.

అన్నా, ఇక ఆ ట్రాన్స్‌ఫార్మర్ ముట్టనని వదిన చేతిలో చెయ్యి వేసి చెప్పు. చెప్పావని ఆమె చేతనే రాయించి పంపు, నువ్వు రాస్తే నమ్మను. లైన్‌మన్ వచ్చేదాకా పొలం ఎండితే ఎండనీ, మళ్లీ నారు పోసుకుందాం. నాకు ఇంకో అన్న దొరకడు.

నీ దీవెన కోరే
తమ్ముడు మల్లేశం